పడేసేవాడు వదలకూడదు

జనవరి 5, సోమవారం

ఈ డైరీ చెంపదెబ్బ గురించి రాయడానికి మొదలుపెట్టింది కాదు. ఆ సంగతి మొదటి పేజీలోనే స్పష్టంగా రాసిపెట్టుకుంటున్నాను. కొత్త సంవత్సరం, కొత్త డైరీ, అంతే. నలభై తొమ్మిదేళ్ల మనిషికి కాస్త వ్యాయామం ఉండాలి. అందుకని రేపటి నుంచి ఒక ఆత్మరక్షణ స్కూల్లో చేరుతున్నాను. ఈ రెండు విషయాలకీ ఏ సంబంధమూ లేదు.

జరిగింది ఒక్కసారి రాసేస్తే మళ్లీ రాయక్కర్లేదు. నిన్న కాక అంతకు ముందు ఆదివారం మామగారు ఇల్లు మారారు. ఆయన ఇనప బీరువాని రెండో అంతస్తు నుంచి దించాలి. పై కొస నేను పట్టుకున్నాను, కింది కొస బావమరిది పట్టుకున్నాడు. నేను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ని. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లో కాటాలన్నీ నా చేతి మీదుగా పోయినవే. ఏ వస్తువైనా ఒకసారి ఎత్తి చూస్తే బరువు చెప్పేస్తాను. ఆ బీరువా ఎనభై నాలుగు కేజీలు. అంటే నా వాటా నలభై రెండు. మెట్ల మలుపు దగ్గర చెమటకి నా చెయ్యి జారింది. బీరువా, బావమరిది కలిసి ఏడు మెట్లు దిగిపోయారు. అతను బీరువా కింద నుంచి లేచి, ప్యాంటు దులుపుకుని, ఆ ఏడు మెట్లూ ఎక్కి వచ్చి నా చెంప మీద కొట్టాడు. పదకొండు మంది చూశారు.

ఏడు మెట్లు ఎక్కేలోపు ఎవరికైనా కోపం కొంచెం తగ్గాలి. అతనికి తగ్గలేదు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు.

మా ఆవిడ అక్కడికక్కడే తమ్ముణ్ని నిలదీసింది. "చెమటకి చెయ్యి జారితే మనిషిని కొడతావట్రా? ఆయనకి క్షమాపణ చెప్పేదాకా నాతో మాట్లాడకు" అంది. అతను నా వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు.

ఒక్కగానొక్క తమ్ముడు. మా పెళ్లయిన దగ్గర నుంచీ ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఫోను చేసేవాడు. గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. ఏం మాట్లాడుకునేవాళ్లో నాకెప్పుడూ అర్థం కాలేదు, ఎక్కువగా నవ్వులే వినిపించేవి. నిన్న తొమ్మిదింటికి మా ఆవిడ ఫోను పెట్టే గూడు తుడిచింది. తర్వాత ఆ గూడే మళ్లీ తుడిచింది.

నా తప్పేమీ లేదు. చెమట.

జనవరి 6, మంగళవారం

స్కూలు ఒక పరుపుల షాపులో ఉంది. ఇది నాకు చేరాక తెలిసింది కాదు, ముందే తెలుసు. దాని పక్కన మేకులు, బోల్టులు తూచి అమ్మే షాపు ఉంది. పోయిన వారం అక్కడ కాటా తనిఖీ చేస్తే కేజీకి ఇరవై గ్రాముల తేడా వచ్చింది. కేసు రాస్తుంటే షాపువాడు "చలికి ఇనుము ముడుచుకుపోతుంది సార్" అన్నాడు. ఇలాంటి సాకులు నా దగ్గర చెల్లవు. బయటికి వస్తుంటే పక్క షాపు అద్దం మీద కాగితం కనిపించింది. 'ఆత్మరక్షణ విద్య. కొత్త స్కూలు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర. మొదటి రెండు నెలలు ఉచితం. సాక్సు తప్పనిసరి.'

షాపు యజమానే గురువు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, పొట్టిగా, గుండ్రంగా, ఎక్కడ పడేసినా దొర్లిపోయేటట్టు ఉంటాడు. పరుపుల మాస్టారు. షాపు మధ్యలో నేల మీద పన్నెండు పరుపులు పరిచి ఉంచాడు. అవన్నీ అమ్మకానివి కాబట్టి ప్లాస్టిక్ కవర్లు తియ్యకూడదు. మనిషి పడ్డప్పుడల్లా ఎండుటాకుల గుట్ట మీద గేదె కూలబడ్డట్టు చప్పుడవుతుంది. క్లాసు జరుగుతున్నా షాపు మూసెయ్యడు. కస్టమర్లు వస్తూ పోతూ ఉంటారు.

ఈ విద్యలో నడుముకి కట్టుకునే రంగు పట్టీలు లేవట. పరుపే మారుతుంది. కొత్తవాళ్లు స్ప్రింగు పరుపు మీద పడాలి. ఆర్నెల్లకి స్పాంజి. ఏడాది దాటితే కొబ్బరిపీచు. మాస్టారు మాత్రం వట్టి నేల మీద పడతాడు. స్కూలు పెట్టి మూడు వారాలే అయింది కాబట్టి ప్రస్తుతం అందరం స్ప్రింగు మీదే ఉన్నాం. యూనిఫాం పరుపు గుడ్డతో కుట్టిస్తారు, నీలం చారలు. తొడుక్కుని అద్దంలో చూసుకున్నాను. అచ్చం చుట్టకట్టిన పరుపు, తాడు ఒక్కటే తక్కువ.

గంటన్నరసేపు పడ్డాను. వెనక్కి పడ్డాను, పక్కకి పడ్డాను. పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించాలి, అరచేత్తో పరుపుని చరచాలి. ఒకసారి పడి ఇంకా లేవకముందే కళ్లజోడు పెద్దాయన ఒకాయన వంగి నా పొట్ట నొక్కి చూసి, "ఇది మరీ మెత్తగా ఉందయ్యా, ఇంకోటి చూపించు" అన్నాడు.

చివర్లో మాస్టార్ని అడిగాను.

"కొట్టడం ఎప్పుడు నేర్పిస్తారు?"

"ఎవర్ని?"

"ఎవర్నీ కాదండీ. మామూలుగా."

"ఎనిమిదో నెల్లో మొదలవుద్ది."

"ఫిబ్రవరి పదిహేనులోపు కుదరదా?"

"ఆ రోజేంటి?"

"మా మామగారి పుట్టినరోజు. అందరూ వస్తారు."

"పెద్దాయన్ని కొట్టడం బాగోదండీ ఇన్‌స్పెక్టరు గారూ" అన్నాడు.

ఇంట్లో సాయంత్రపు తనిఖీలు అని చెప్పాను.

జనవరి 7, బుధవారం

కూర్చోలేకపోతున్నాను. నిలబడి రాస్తున్నాను.

జనవరి 11, ఆదివారం

తొమ్మిదింటికి గూడు తుడిచింది. తొమ్మిదీ పదికి ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని, పని చేస్తోందో లేదో చూసి, పెట్టేసింది. నేను పేపరు చదువుతున్నాను. ఏ పేజీ అంటే చెప్పలేను.

"నువ్వే చెయ్యచ్చుగా" అన్నాను.

"మిమ్మల్ని అంత మాట... మాటేంటి, చెయ్యే చేసుకున్నవాడికి నేను ఫోను చెయ్యాలా? మీరు మంచివాళ్లు కాబట్టి ఊరుకున్నారు. నేనూరుకోను."

మంచివాణ్నే. అందులో సందేహం లేదు.

జనవరి 13, మంగళవారం

ఇవాళ్టి నుంచి జంటలుగా అభ్యాసం. నాకు జంటగా టీచరమ్మ వచ్చింది. ప్రాథమిక పాఠశాల హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి, నలభై ఎనిమిది కేజీలు. ఎందుకు చేరారని అడిగితే, "నలభై ఏళ్లు పిల్లల్ని కూర్చోమన్నాను, నించోమన్నాను. ఎవర్నైనా కింద పడేద్దామని ఎప్పట్నుంచో ఉంది" అంది. మొదటి ప్రయత్నంలోనే నన్ను పడేసింది. రెండో ప్రయత్నంలోనూ.

తర్వాత నా వంతు. మాస్టారు సూత్రం చెప్పాడు. అవతలి మనిషిని పడేసేటప్పుడు వాళ్ల చొక్కా చెయ్యి మన చేతిలో ఉండాలి. వాళ్ల ఒళ్లు కిందికి ఆనేదాకా దాన్ని పట్టుకునే ఉండాలి. అలా పట్టుకుంటే తలకి దెబ్బ తగలదు.

"పడేసేవాడు వదలకూడదు. వదిలితే అది విద్య కాదు, యాక్సిడెంటు" అన్నాడు.

తేలికే అనుకున్నాను. టీచరమ్మని తిప్పి పడేశాను. బాగానే పడేశాను. ఆవిడ పరుపు దాటి, పక్క పరుపు కూడా దాటి, దిండ్ల గుట్టలో తేలింది.

"బాబూ, నన్ను పడేస్తున్నావా, పారేస్తున్నావా?"

చెయ్యి జారింది అన్నాను.

జనవరి 16, శుక్రవారం

మళ్లీ వదిలేశాను. అంటే, జారింది.

టీచరమ్మ ఇవాళ తలకి ఉన్ని టోపీ పెట్టుకొచ్చింది.

జనవరి 20, మంగళవారం

తొమ్మిది సార్లు పడేశాను, తొమ్మిది సార్లూ సగంలో నా వేళ్లు విచ్చుకున్నాయి. నేను విప్పడం లేదు, అవే విచ్చుకుంటున్నాయి. బరువు నా చేతి మీదికి రాగానే, ఆ బరువుతో పాటు నేనూ పోతానేమో అని ఒంట్లో ఎక్కడో ఒకటి కదులుతుంది. అంతలోకే చెయ్యి ఖాళీ.

"చెమట పడుతోందండీ" అన్నాను.

టీచరమ్మ దిండ్లలోంచి లేచి, నా అరచెయ్యి పట్టుకుని, తిప్పి, తడిమి చూసింది. హోంవర్కు చెయ్యని పిల్లాడి పలకని చూసినట్టు చూసింది.

"ఈ చలిలో చెమటేంటి నాన్నా? పొడిగా కర్రలా ఉంది."

ఆ తర్వాత నాకు ఇంపోజిషన్ ఇచ్చింది. 'నేను వదలను' అని యాభై సార్లు రాసుకు రమ్మంది. నేను గెజిటెడ్ హోదాలో ఉన్న అధికారినని చెప్పాను. అయితే వంద సార్లు రాయమంది.

నేను వదలను. నేను వదలను. నేను వదలను. నేను వదలను. నేను వదలను. నేను వదలను. నేను వదలను.

మామగారు ఇల్లు మారిన రోజు కూడా చలిగానే ఉంది. మా ఆవిడ స్వెట్టరు వేసుకుంది.

ఇక్కడితో ఆపుతున్నాను. పెన్ను సరిగ్గా రాయడం లేదు.

జనవరి 22, గురువారం

మాస్టారు ఇంటి దగ్గర చెయ్యడానికి ఒక అభ్యాసం ఇచ్చాడు. రోజూ అరగంట ఎవరిదైనా చొక్కా చెయ్యి పట్టుకుని కూర్చోవాలి. లాగకూడదు, నొక్కకూడదు, వదలకూడదు.

"ఎవర్ది పట్టుకోను?"

"ఇంట్లో ఎవరున్నారు?"

రాత్రి వార్తలప్పుడు మా ఆవిడ పక్కన కూర్చుని, ఆవిడ ఆకుపచ్చ స్వెట్టరు చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు దగ్గర ఉన్ని కొంచెం ఊడింది.

"ఏంటండీ ఇది?"

"డాక్టరు చెప్పాడు. రక్తప్రసరణకి."

"ఎవరి రక్తప్రసరణకి?"

"ఇద్దరిదీ."

ఆవిడ నా మొహం చూసి టీవీ వైపు తిరిగింది. ఏడు నిమిషాలు పట్టుకున్నాను. అప్పుడు ఆవిడ, "వాడుంటే మనల్ని చూసి ఎంత ఏడిపించేవాడో" అని నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నేను లేచి మంచినీళ్లకి వెళ్లాను.

జనవరి 25, ఆదివారం

గూడు. ఇవాళ ఫోను కింద వేసే గుడ్డ కూడా ఉతికింది.

జనవరి 29, గురువారం

ఒక విషయం లెక్క సరిచెయ్యాలి. మొదటి పేజీలో నా వాటా నలభై రెండు కేజీలని రాశాను. వృత్తిపరంగా అది తప్పు. మెట్ల మీద బరువు మోసేటప్పుడు కింద ఉన్నవాడి మీదే ఎక్కువ పడుతుంది. పైనున్నవాడికి ముప్ఫైకి మించదు. అంటే బావమరిది మీద యాభై నాలుగు ఉంది. అయినా అతను వదల్లేదు. బీరువాతో సహా పడ్డాడు.

ఇవాళ కూరగాయల బజార్లో ఒకామె కాటా పళ్లెం కింద చిన్న అయస్కాంతం దొరికింది. "నాకేం తెలీదు సార్, అదే వచ్చి అతుక్కుంది" అంది. కేసు రాయబోయి, ఎందుకో, చాలాసేపు ఆమె మొహమే చూస్తూ నిలబడ్డాను. తర్వాత రాశాననుకోండి.

ఇక్కడ 'అనుకోండి' అని ఎవరితో అంటున్నానో తెలియదు. ఈ డైరీ ఎవరూ చదవరు.

ఫిబ్రవరి 3, మంగళవారం

పదకొండు సార్లలో ఒక్కసారి పట్టుకున్నాను. టీచరమ్మ పరుపు మీద మెత్తగా ఆనింది. పడుకునే చప్పట్లు కొట్టింది. సోఫా బేరం ఆడుతున్న దంపతులు కూడా కొట్టారు. పరుపుల షాపులో సోఫాలెందుకు బేరం ఆడుతున్నారో తెలియదు.

ఇంటికొచ్చి నలభై రెండో 'నేను వదలను' దగ్గర ఆగి, వెనక్కి తిప్పి మొదటి పేజీ చదివాను.

జారలేదు.

భయమేసింది. మలుపు దగ్గర బీరువా అతని వైపు వంగింది, దానితో పాటు నేనూ పోతాననిపించింది. వదిలేశాను. అంతే.

అంతేనా? అరగంట నుంచి కింద నుంచి అతను "ఎడమకి, బావా, ఎడమకి" అంటూనే ఉన్నాడు. నేను జరుపుతూనే ఉన్నాను, అతను అంటూనే ఉన్నాడు. నా అంతటి వాడికి ఎడమేదో ఈయన నేర్పిస్తాడా అనిపించింది. నూటికి తొంభై పాళ్లు భయం. మిగతా పది పాళ్లు 'ఎడమకి.' నా లెక్క తప్పదు. ఆ పదే ఎక్కువ బరువుగా ఉంది.

ఒకవేళ మా ఆవిడకి చెప్తే? ఇంత కాలం ఈ మనిషితోనా కాపురం చేశాను అనుకుంటుంది. నా కోసం తమ్ముణ్ని వదులుకుంది. చెప్పకపోతే వాళ్లిద్దరూ ఇలాగే ఉండిపోతారు, ఆ గూడు అరిగిపోతుంది.

మామగారి పుట్టినరోజుకి ఇంకా పన్నెండు రోజులుంది. చూద్దాం.

ఫిబ్రవరి 5, గురువారం

చూద్దాం అంటే ఏం చూస్తాను?

పొద్దున లేచేటప్పుడు మూలిగానట. "మన పరుపు పాడైపోయిందండీ, అందుకే మీకు ఒళ్లునొప్పులు" అంది మా ఆవిడ. కాదన్నాను. కాదని ఎందుకు గట్టిగా చెప్పలేకపోయానంటే మళ్లీ అదే కథ.

ఫిబ్రవరి 7, శనివారం

క్రమంలో రాస్తాను.

ఆరూ పది. టీచరమ్మ నన్ను పడేసింది. కళ్లు తెరిస్తే పైన మా ఆవిడ మొహం తలకిందులుగా కనిపించింది. భుజానికి సంచీ.

"ఏవండీ, మీరు తనిఖీకి వెళ్లారు కదా?"

"అవును" అన్నాను, పడుకునే.

"ఈ పరుపు గుడ్డ ఎందుకు తొడుక్కున్నారు?"

దానికి జవాబు ఆలోచిస్తుండగా తలుపు గంట మోగింది. నడుం మీద చెయ్యి వేసుకుని, ఒక పక్కకి వంగిపోయి, మా బావమరిది లోపలికొచ్చాడు. అక్కని చూశాడు. అక్క అతన్ని చూసింది. ఆరు వారాలైంది ఇద్దరూ ఎదురుపడి. నేను వాళ్ల మధ్య స్ప్రింగు పరుపు మీద వెల్లకిలా ఉన్నాను. మళ్లీ కళ్లు మూసుకుందామా అని కూడా అనుకున్నాను.

మాస్టారికి మా చుట్టరికాలు తెలియవు. ఆయనకి కనిపించింది ఇద్దరు కస్టమర్లు.

"రండి సార్, నడుం నొప్పా?"

మా ఆవిడ మాస్టారి వైపు తిరిగి, "ఆయనకి నడుముకేమైందో అడగండి" అంది.

"ఆవిడకి చెప్పండి, ఏడు మెట్లయిందని" అన్నాడు బావమరిది.

"అప్పుడే డాక్టరుకి చూపించుకోవాల్సిందని చెప్పండి."

"అప్పట్లో నాతో మాట్లాడేవాళ్లు లేరని చెప్పండి."

మాస్టారు ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసి, "ఈ రకానికి పదేళ్ల గ్యారంటీ ఉందండీ" అన్నాడు.

తర్వాత ఆయన నా వైపు తిరిగాడు. నడుం నొప్పి ఉన్నవాళ్లు పరుపు మీద కూర్చుని చూడకూడదట. నిలబడ్డ మనిషిని అలాగే వెనక్కి వాల్చి, నెమ్మదిగా దించి, వీపంతా ఒకేసారి ఆనించి చూడాలట. "మా శిష్యుడు దించుతాడు చూడండి. లేవండి ఇన్‌స్పెక్టరు గారూ. పరీక్ష అనుకోండి" అన్నాడు. టీచరమ్మ తన ఉన్ని టోపీ తీసి మా బావమరిది తలకి తొడిగింది. వద్దనే వ్యవధి అతనికి దొరకలేదు.

అతని కుడి చొక్కా చెయ్యి పట్టుకున్నాను. రెండో చెయ్యి వీపు వెనక వేశాను. డెబ్భై ఆరు కేజీలు. దగ్గర్నుంచి చూస్తే అతను నేననుకున్నంత చిన్నవాడు కాదు, చెంపల మీద తెల్ల వెంట్రుకలు వచ్చేశాయి. వెనక్కి వాల్చాను. సగానికి వచ్చేసరికి బరువంతా నా చేతి మీదికి వచ్చింది. నాకు ఆ కదలిక తెలిసింది, వేళ్ల దగ్గర మొదలైంది. అతని కళ్లలోనూ భయం కనిపించింది. అతను అక్క వంక చూడకుండా పైకప్పు వంక చూస్తున్నాడు.

అప్పుడు మా ఆవిడ మాస్టారితో అంది. "మీరేం కంగారు పడకండి. మా ఆయన వదిలే మనిషి కాదు. ఆ రోజంటే చెమట."

ఆవిడ ఈ మాట కాకుండా ఇంకేమని ఉన్నా నేను నిజం చెప్పి ఉండేవాణ్ని కాదు.

"చెమట లేదు" అన్నాను. "నేనే వదిలేశాను. భయమేసి వదిలేశాను. తొంభై పాళ్లు."

"మిగతా పది?" అంది టీచరమ్మ. లెక్కల్లో తేడా ఆవిడ ఒప్పుకోదు.

"ఎడమకి ఎడమకి అంటుంటే ఒళ్లు మండి."

షాపులో ప్లాస్టిక్ కూడా చప్పుడు చెయ్యలేదు. బావమరిది గాల్లో సగం వాలి ఉన్నాడు. "ముందు నన్ను దించు బావా" అన్నాడు.

దించాను. వీపంతా ఒకేసారి ఆనింది. చొక్కా చెయ్యి ఇంకా నా చేతిలోనే ఉంది.

మా ఆవిడ ఆరు వారాల తర్వాత తమ్ముడితో నేరుగా మాట్లాడింది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసు. వేళ్లు విచ్చుకోవడం కింద నుంచి చూశాను."

"మరి చెప్పలేదేం రా? నేనన్ని మాటలంటే నోరు మూసుకుని పోయావేం?"

అతను టోపీ కళ్ల మీదికి జారితే పైకి తోసుకున్నాడు.

"చెప్తే నువ్వు నమ్మేదానివక్కా. ఆయనతో ఉండాల్సింది నువ్వు. నేను ఆదివారం ఆదివారం ఫోను చేసేవాణ్నే కదా, ఆ ఫోను పోతే పోయింది అనుకున్నాను."

నేను పరుపు పక్కన మోకాళ్ల మీద ఉన్నాను. నెల రోజులుగా పడటం నేర్చుకున్నాను గానీ, ఆ మాటకి ఎలా పడాలో ఎవరూ నేర్పలేదు. అప్పుడు మాత్రం నిజంగానే చెమట పట్టింది.

మా ఆవిడ నన్ను దాటుకుని వెళ్లింది. చెప్పులు విడిచి, పరుపు మీద తమ్ముడి పక్కన కూర్చుంది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. మిగతా క్లాసంతా వాళ్ల చుట్టూ జరిగింది. ఏడున్నరకి ఆవిడ లేచి, అతన్ని లేపి, అతనితో పాటు అతని ఇంటికి వెళ్లిపోయింది.

మాస్టారు నా భుజం తట్టి, "పాసయ్యారు" అన్నాడు. "పరుపు కూడా తీసుకుంటున్నారట."

ఫిబ్రవరి 8, ఆదివారం

తొమ్మిదింటికి గూడు తుడిచాను.

ఫిబ్రవరి 9, సోమవారం

మేకుల షాపువాడి కాటా మళ్లీ తనిఖీ. సరిగ్గా ఉంది. "కోపంగా ఉన్నారా సార్?" అని అడిగాడు. లేదన్నాను. ఇనుము నిజంగానే చలికి ముడుచుకుంటుంది, చదువుకున్నాను, కానీ కేజీకి ఇరవై గ్రాములు కాదు. సాకులన్నిటిలోనూ కొంచెం నిజం ఉంటుంది. అందుకే అంతకాలం నిలబడతాయి.

ఫిబ్రవరి 11, బుధవారం

పరుపులు మోసే మనిషి రాలేదట. మాస్టారు ఫోను చేసి, "డెలివరీ కూడా విద్యలో భాగమే, రండి" అన్నాడు. ఎక్కడికి అని అడిగితే బావమరిది ఇంటి అడ్రసు చెప్పాడు. మూడో అంతస్తు. లిఫ్టులో పరుపు పట్టదు.

మాస్టారు కింది కొస పట్టుకోబోతుంటే పైనుంచి బావమరిది గొంతు. "బావని కింద ఉండమనండి."

కింద ఉన్నాను. ముప్ఫై ఒక్క కేజీల పరుపు, అందులో నా వంతు ఇరవై. యాభై నాలుగు ఎలా ఉండేదో ప్రతి మెట్టు దగ్గరా అనుకుంటూ ఎక్కాను. బావమరిది నడుముకి బెల్టు పెట్టుకుని మూడో అంతస్తు రెయిలింగు మీంచి వంగి చూస్తున్నాడు.

"ఎడమకి, బావా."

జరిపాను.

"ఎడమకి, ఎడమకి."

జరిపాను.

"ఇంకా ఎడమకి!"

ఎడమ పక్క గోడే మిగిలింది. గోడకి భుజం ఆనించి, కుడి చెంప పరుపుకి నొక్కుకుపోయి, అలాగే ఎక్కాను. అతనికి సరదాగా ఉందని గొంతులోనే తెలుస్తోంది. మలుపు దగ్గర మాస్టారి సాక్సు కాలు జారింది, పరుపు నా మీదికి వచ్చింది. పడలేదు. వదల్లేదు.

పరుపు దించాక అతని ఎదురుగా నిలబడి, "తప్పు నాదే" అన్నాను. "నీకు క్షమాపణ నేను చెప్పాలి." అతను చెయ్యి పైకెత్తాడు. కళ్లు మూసుకున్నాను, ఈసారి నాకు అభ్యంతరం లేదు. అతను నా భుజం మీది దుమ్ము దులిపాడు.

లోపల నుంచి మా ఆవిడ సంచీతో వచ్చింది. నాతో కాదు, మాస్టారితో అంది. "ఇంటికొస్తానని చెప్పండి. కానీ ఆ పదకొండు మందికీ ఆయన నోటితో చెప్పేదాకా మాట్లాడనని కూడా చెప్పండి."

మాస్టారు నాకు చెప్పాడు. అప్పటికి ఆయనకి అలవాటైపోయింది.

ఫిబ్రవరి 15, ఆదివారం

పొద్దున తొమ్మిదింటికి ఫోను మోగింది. మా ఆవిడ రెండో గంటకే ఎత్తింది. గంటా పది నిమిషాలు. నవ్వులు ఎక్కువగా నా గురించే అనిపించింది. ఉండనీ.

సాయంత్రం మామగారి పుట్టినరోజు. పదకొండు మందిలో పది మంది వచ్చారు. ఈ రోజున అందరి ముందూ బావమరిదిని కొట్టాలని ఆరు వారాల కింద నేననుకున్నాను. ఇప్పుడు రాసేశాను కాబట్టి, మొదటి పేజీలో మొదటి వాక్యం అబద్ధమని కూడా ఇక్కడే రాస్తున్నాను.

భోజనాలు కాకముందే లేచి నిలబడ్డాను. "మామగారి బీరువా నా చెయ్యి జారి పడలేదు. నేనే వదిలేశాను" అన్నాను. మామగారి అన్నయ్యకి చెవుడు. "ఏంటీ? ఏం వదిలేశాడూ?" అని గట్టిగా అడిగాడు. మళ్లీ చెప్పాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఉద్యోగమా?" అన్నాడు. మూడోసారి అరిచాను. "బీరువా! నేనే! కావాలనే! వదిలేశాను!" పక్కింటివాళ్లు నలుగురు కిటికీ తెరిచారు. కాబట్టి మొత్తం పద్నాలుగు మంది విన్నారు. రాని ఒకాయనకి రేపు ఫోను చేస్తాను.

'కావాలనే' అన్నది నేను ముందు అనుకున్న మాట కాదు. అరిచేటప్పుడు వచ్చేసింది. తిరిగి తీసుకోలేదు.

మామగారు బీరువా వైపు చూశారు. దాని తలుపు సొట్ట అలాగే ఉంది. "పర్లేదు అల్లుడూ. ఇప్పుడు తాళం లేకుండానే గట్టిగా పడుతోంది" అన్నారు.

ఇంటికొచ్చే దారంతా మా ఆవిడ మాట్లాడలేదు. వచ్చాక వార్తలు పెట్టింది. నేను కుర్చీ దూరంగా జరుపుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండానే, స్వెట్టరు చెయ్యి నా కుర్చీ చేతి మీద పెట్టింది.

"ఊడిన ఉన్ని లాగకండి. ఇంకా ఊడుతుంది" అంది.

పట్టుకున్నాను. వార్తలయ్యాయి. వాతావరణం అయింది. ఆ తర్వాత ఏదో పంటల కార్యక్రమం వచ్చింది, మా ఇద్దరికీ పొలం లేదు. అది కూడా పూర్తిగా చూశాం. ఇది ఎడమ చేత్తో రాస్తున్నాను.